ఎక్స్‌చేంజ్ 2010: సర్వర్‌కి మూడో ఐపీ కలిపాక జీమెయిల్ మా మెయిల్స్ తిప్పి కొడుతోంది

మిల్లు_సిస్టమ్స్ (గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో సిస్టమ్స్ చూసుకుంటాను. మా మెయిల్ సర్వర్ పాతది. విండోస్ సర్వర్ 2008 ఆర్2 మీద ఎక్స్‌చేంజ్ 2010 (మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్), అంతా ఒకటే మెషీన్. కొత్తదానికి బడ్జెట్ పెట్టాం, పత్తి సీజన్ అయ్యాక చూద్దామన్నారు. అప్పటిదాకా దీన్నే నడపాలి.

సర్వర్ మెయిన్ అడ్రస్ 192.168.10.20. ఫైర్‌వాల్‌లో దీనికి వన్ టు వన్ నాట్ (లోపలి అడ్రస్‌ని ఒక బయటి అడ్రస్‌గా మార్చే రూల్) ఉంది, బయటికి 203.0.113.20గా కనిపిస్తుంది (అసలు పబ్లిక్ అంకెలు మార్చి రాస్తున్నాను). పీటీఆర్ (ఐపీకి పేరు చెప్పే రికార్డు), ఎస్‌పీఎఫ్ (మా డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు) అన్నీ ఆ ఐపీ మీదే ఉన్నాయి. చాలాకాలం క్రితం వెబ్‌మెయిల్ కోసం అదే నెట్‌వర్క్ కార్డు మీద 192.168.10.40 కూడా కలిపారు. అప్పట్నుంచీ ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు జరిగింది ఇది. స్కానర్ల మెయిల్స్ తీసుకోవడానికి పక్కన ఒక పాత పీసీ ఉండేది, దాని అడ్రస్ 192.168.10.5. దాని హార్డ్ డిస్క్ పోయింది. ఆఫీసులో స్కానర్లన్నిట్లో, గేటు దగ్గర వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్‌లో ఆ .5 అడ్రస్సే రాసి ఉంది. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్‌లో అయితే మార్చే ఆప్షనే లేదు, అది రాసిచ్చినవాళ్ళు ఇప్పుడు దొరకరు. కాటా స్లిప్పు మెయిల్ వెళ్తే తప్ప లారీ లోపలికి రాదు. అందుకని ఆ .5ని తెచ్చి మెయిల్ సర్వర్ మీదే మూడో అడ్రస్‌గా పెట్టాను. స్కానర్లు, వేబ్రిడ్జి వెంటనే పనిచేశాయి.

ఆ సాయంత్రం నుంచే జీమెయిల్ వాడే పార్టీలకి మా డిస్పాచ్ సెక్షన్ పంపే ఇన్వాయిస్‌లు తిరిగొస్తున్నాయి. ఎర్రర్ 550 5.7.25, పంపిన ఐపీకి పీటీఆర్ లేదంటోంది. అందులో చూపిస్తున్న ఐపీ 203.0.113.18. అది మా ఆఫీసు పీసీలన్నీ ఇంటర్నెట్‌కి వెళ్ళే ఐపీ, మెయిల్‌కి సంబంధం లేనిది! కొన్ని కంపెనీలకి మాత్రం మెయిల్ చేరుతోంది, వాళ్ళలో కొందరు స్పామ్‌లో పడిందంటున్నారు.

కార్డు ప్రాపర్టీస్‌లో చూస్తే .20యే మొదట ఉంది, .40, .5 దాని కింద ఉన్నాయి. మొదటిది వదిలేసి చివర కలిపినదాన్ని సర్వర్ ఎందుకు పట్టుకుంది? .40 కలిపినప్పుడు ఇలా ఎందుకు కాలేదు? ఇంకో సంగతి, సంబంధం ఉందో లేదో తెలీదు: తెనాలి బ్రాంచిలో ఔట్‌లుక్ ఉండుండి డిస్‌కనెక్ట్ అవుతోంది. అదీ అప్పట్నుంచే. నెలాఖరు బిల్లింగ్ దగ్గర పడుతోంది, బాగా టెన్షన్‌గా ఉంది. దయచేసి దారి చెప్పండి.

బెజవాడ_ఫైర్‌వాల్

ముందు రక్తస్రావం ఆపుదాం, కారణం తర్వాత వెతకొచ్చు.

.5కి ఫైర్‌వాల్‌లో విడిగా నాట్ రూల్ లేదు కాబట్టి అది ఆఫీసు జనరల్ రూల్ కింద .18గా బయటికి వెళ్తోంది. సోర్స్ 192.168.10.5, డెస్టినేషన్ పోర్టు 25 అయితే 203.0.113.20గా మార్చమని ఒక రూల్ రాసి, జనరల్ రూల్‌కి పైన పెట్టండి. జీమెయిల్ కంటికి మళ్ళీ పాత ఐపీయే కనిపిస్తుంది. సర్వర్‌ని ముట్టుకోనక్కర్లేదు.

అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో పని కూడా చేసేయండి. మెయిల్ సర్వర్ తప్ప లోపలి ఏ మెషీన్ నుంచీ పోర్టు 25 బయటికి పోకుండా బ్లాక్ చేయండి. మీ .18 ఐపీ ఇప్పటికే ఏదైనా బ్లాక్‌లిస్ట్‌లో ఉందేమో స్పామ్‌హౌస్ సైట్‌లో చూసుకోండి. ఒక్క పీసీకి వైరస్ పట్టినా ఆ ఐపీ లిస్టులోకి ఎక్కుతుంది.

విశాఖ_మెయిల్

పైన చెప్పిన నాట్ రూల్ ఈ రాత్రికే పెట్టండి, అది సరైన సలహా. కానీ అక్కడితో ఆగకండి. బయటివాళ్ళకి కనిపించేది సరిపోతుందే గానీ, మీ సర్వర్ మాత్రం ఇంకా .5 నుంచే మాట్లాడుతుంటుంది. రేపు ఫైర్‌వాల్ మార్చినా, ఎవరైనా ఆ రూల్ ఎందుకో తెలీక తీసేసినా మళ్ళీ ఇదే గొడవ.

కార్డులో మొదట రాసిన అడ్రస్సే బయటికి వాడుతుందన్నది విండోస్ 2003 కాలం నాటి పద్ధతి. చాలామంది పాతవాళ్ళు ఇప్పటికీ అదే చెప్తారు, .20ని పైకి జరపండి అంటారు. 2008 నుంచి అది మారిపోయింది. ప్రోగ్రామ్ తానుగా ఫలానా అడ్రస్ కావాలని అడగకపోతే, విండోస్ తన దగ్గరున్న అడ్రస్‌లన్నిట్నీ గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్) అడ్రస్‌తో పోల్చి చూస్తుంది. ఎడమవైపు నుంచి బిట్లు ఎక్కువగా దేనికి కలిస్తే దాన్ని ఎంచుకుంటుంది. లిస్టులో వరస దానికి లెక్కే కాదు.

మీ గేట్‌వే 192.168.10.1 అనుకుంటున్నాను (వేరేదైతే చెప్పండి, లెక్క మారుతుంది). మొదటి 24 బిట్లు అన్నిటికీ ఒకటే కనుక చివరి అంకె మాత్రం బైనరీలో రాసి చూడండి:

గేట్‌వే .1 అంటే 00000001
.20 అంటే 00010100, గేట్‌వేతో మూడు బిట్లు కలిశాయి, మొత్తం 27
.40 అంటే 00101000, రెండే కలిశాయి, మొత్తం 26
.5 అంటే 00000101, అయిదు కలిశాయి, మొత్తం 29

.40 కలిపినప్పుడు 27కీ 26కీ పోటీ, .20 గెలిచింది కాబట్టి మీకు తేడా తెలియలేదు. ఆ రోజు .40 బదులు .10 పెట్టి ఉంటే అప్పుడే ఈ బాధ వచ్చేది (.10కి 28 బిట్లు కలుస్తాయి). ఇప్పుడు .5 వచ్చి 29తో కూర్చుంది. ఇది మీ సర్వర్ చెడిపోయి చేస్తున్న పని కాదు, దానికి రాసిపెట్టిన రూలే అది.

ఎక్స్‌చేంజ్‌లోనే సోర్స్ ఐపీ చెప్పేయొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. సెండ్ కనెక్టర్‌కి (ఎక్స్‌చేంజ్‌లో మెయిల్ బయటికి పంపే భాగం) సోర్స్ ఐపీ అడ్రస్ అనే సెట్టింగ్ ఉంది కూడా. కానీ అది ఎడ్జ్ ట్రాన్స్‌పోర్ట్ రోల్ (నెట్‌వర్క్ అంచున విడి మెషీన్ మీద పెట్టేది) ఉన్న సర్వర్ మీదే పనిచేస్తుంది. మీది అన్ని రోల్స్ కలిపిన ఒకే మెషీన్, అక్కడ ఎడ్జ్ పెట్టలేరు. కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే. ఈ విషయం దాని హెల్ప్ పేజీలో ఒక్క వాక్యంగా ఉంటుంది, అది చూడక ఆ సెట్టింగ్‌తో కుస్తీ పట్టేవాళ్ళు చాలామంది.

ఇక పరిష్కారం. .5 సర్వర్ మీద ఉండాలి, దాని మీదికి వచ్చే కనెక్షన్లు తీసుకోవాలి, కానీ బయటికి వెళ్ళేటప్పుడు దాన్ని వాడకూడదు. విండోస్‌లో సరిగ్గా దీనికోసమే ఒక గుర్తు ఉంది, స్కిప్‌యాజ్‌సోర్స్ అంటారు. 2008 ఆర్2కి అప్‌డేట్లన్నీ వేసి ఉంటే నెట్‌ష్ అనే నెట్‌వర్క్ సెట్టింగ్‌ల కమాండ్‌లో దొరుకుతుంది. నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్ విండోలో మాత్రం ఎక్కడా కనిపించదు. చేసే ముందు రెండు సంగతులు నిర్ధారించుకుని ఇక్కడ రాయండి:

సెండ్ కనెక్టర్ ప్రాపర్టీస్‌లో ప్రోటోకాల్ లాగింగ్‌ని వెర్బోస్ (పూర్తి వివరాలు) చేయండి. ఎక్స్‌చేంజ్ ఫోల్డర్‌లో వీ14, దాని లోపల ట్రాన్స్‌పోర్ట్‌రోల్స్, లాగ్స్, ప్రోటోకాల్‌లాగ్, ఎస్‌ఎంటీపీసెండ్. ఆ ఫైల్లో లోకల్ ఎండ్‌పాయింట్ అనే కాలమ్ ఉంటుంది. ప్రతి మెయిల్ ఏ అడ్రస్ నుంచి బయల్దేరిందో అందులో రాసి ఉంటుంది. ఊహల మీద నడవకుండా అది చూసి చెప్పండి.

రెండోది, మీ లోపలి డీఎన్ఎస్‌లో (పేరుకి ఐపీ చెప్పే పట్టిక) మెయిల్ సర్వర్ పేరుకి ఎన్ని అడ్రస్‌లు వస్తున్నాయో చూడండి. మీ తెనాలి బ్రాంచి సంగతి అక్కడ తేలుతుందని నా అనుమానం.

మిల్లు_సిస్టమ్స్

చాలా చాలా థాంక్స్ అండీ. నాట్ రూల్ పెట్టాను, జీమెయిల్‌కి మళ్ళీ వెళ్తున్నాయి. ఊపిరి ఆడింది.

గేట్‌వే .1 నే. లాగింగ్ పెట్టి చూస్తే మీరన్నట్టే లోకల్ ఎండ్‌పాయింట్ ప్రతి లైనులోనూ 192.168.10.5. అంతకుముందువి చూద్దామంటే లాగింగ్ ఆన్‌లో లేదు.

డీఎన్ఎస్‌లో సర్వర్ పేరుకి మూడు అడ్రస్‌లూ ఉన్నాయి. .5ని నేను డీఎన్ఎస్‌లో పెట్టలేదు, దానంతటదే చేరింది. తెనాలి వీపీఎన్‌లో .20, .40కి మాత్రమే పర్మిషన్ ఉంది. అంటే వాళ్ళ ఔట్‌లుక్‌కి డీఎన్ఎస్ .5 ఇచ్చినప్పుడల్లా తెగిపోతోందన్నమాట!

రెండు ప్రశ్నలు. మా డొమైన్ ఎస్‌పీఎఫ్‌లో .18ని కూడా కలిపేస్తే మంచిదా, ఎప్పుడైనా ఇలా అయినా మెయిల్ ఆగకుండా? రెండు, .5 కోసం రిసీవ్ కనెక్టర్ (మెయిల్ లోపలికి తీసుకునే భాగం) విడిగా చేశాను. దాన్ని .5 పోర్టు 25కి కట్టి, రిమోట్ అడ్రస్‌లు డిఫాల్ట్‌గా ఉన్నట్టే వదిలేసి, ఎవరైనా రిలే చేసుకునేట్టు (మా సర్వర్ ద్వారా బయటికి మెయిల్ పంపుకునేట్టు) ఇచ్చాను. స్కానర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లిస్టు చేయడానికి టైమ్ దొరకలేదు. ఇది పర్వాలేదా?

విశాఖ_మెయిల్

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది ఈరోజే మార్చాలి. ఆ కనెక్టర్ ఇప్పుడున్న తీరులో మీ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఏ మెషీన్ అయినా, పాస్‌వర్డ్ లేకుండా, మీ పేరుతో ప్రపంచంలో ఎవరికైనా మెయిల్ పంపొచ్చు. ఒక్క పీసీకి వైరస్ పట్టినా చాలు, స్పామ్ మొత్తం మీ మంచి ఐపీ నుంచే పోతుంది. రేపు ఎవరైనా ఫైర్‌వాల్‌లో .5కి బయటి నుంచి పోర్టు 25 తెరిచారంటే ఇక అది ఓపెన్ రిలేయే.

రిమోట్ అడ్రస్‌ల లిస్టులో మొత్తం రేంజ్ తీసేసి స్కానర్ల ఐపీలు, వేబ్రిడ్జి పీసీ ఐపీ మాత్రమే రాయండి. లిస్టు చేయడానికి తిరగనక్కర్లేదు. రిసీవ్ కనెక్టర్‌కీ వెర్బోస్ లాగింగ్ పెడితే .5ని ఎవరెవరు తడుతున్నారో ఎస్‌ఎంటీపీరిసీవ్ లాగ్‌లో రిమోట్ ఎండ్‌పాయింట్ కాలమ్‌లో పడుతుంది. ఒక పనిదినం లాగ్ తీస్తే మీ లిస్టు తయారు. నెలకోసారి వాడే స్కానర్ ఏదైనా మిగిలిపోతే వాళ్ళే ఫోన్ చేస్తారు, అప్పుడు కలుపుకోవచ్చు.

ఇంకా చూడండి, స్కాన్ చేసిన కాగితాలు మీ ఉద్యోగుల మెయిల్‌బాక్స్‌లకే వెళ్తుంటే అసలు రిలే పర్మిషన్ అక్కర్లేదు. మీ సొంత డొమైన్‌కి వచ్చే మెయిల్ తీసుకోవడానికి అనానిమస్ యూజర్స్ అన్న టిక్కు ఒక్కటే చాలు. బయటివాళ్ళకి పంపాల్సిన అవసరం వేబ్రిడ్జికి ఉంటే ఆ ఒక్క ఐపీకి వేరే కనెక్టర్ చేసి దానికి మాత్రం రిలే ఇవ్వండి. ఒకే అడ్రస్, ఒకే పోర్టు మీద రెండు కనెక్టర్లు ఉండొచ్చు. వచ్చిన మెషీన్ ఐపీకి ఏ కనెక్టర్ రేంజ్ దగ్గరగా సరిపోతే ఎక్స్‌చేంజ్ దాన్నే వాడుతుంది. అంటే వేర్వేరు రూల్స్ కోసం సర్వర్‌కి వేర్వేరు ఐపీలు ఇవ్వాల్సిన పనే లేదు. మీకు .5 కావాల్సింది వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ మారదు కాబట్టి, అది న్యాయమైన కారణమే. కానీ ఊరికే కనెక్టర్లు విడదీయడానికి ఐపీలు పెంచుకుంటూ పోయే ఆఫీసులు నేను చాలా చూశాను. అలా పెంచిన ప్రతి అడ్రస్ ఏదో ఒక రోజు బయటికి వెళ్ళే దారిలో తల దూరుస్తుంది.

ఎస్‌పీఎఫ్ సంగతి: .18ని కలపొద్దు. ఎస్‌పీఎఫ్‌లో ఒక ఐపీ రాయడమంటే, అక్కడి నుంచి మా పేరుతో వచ్చేదంతా మాదేనని లోకానికి హామీ ఇవ్వడం. .18 వెనకాల మీ ఆఫీసు పీసీలన్నీ ఉన్నాయి, గెస్టుల వైఫై కూడా ఉందేమో చూసుకోండి. వాటన్నిటి తరఫునా మీరు హామీ పడతారా? పైగా జీమెయిల్ మీకు చెప్పిన కారణం పీటీఆర్ లేకపోవడం. ఎస్‌పీఎఫ్‌లో ఎన్ని ఐపీలు కలిపినా ఆ 5.7.25 పోదు. పీటీఆర్ మీ డొమైన్ ప్యానెల్‌లో ఉండేది కాదు, ఆ ఐపీ ఎవరి బ్లాక్‌లోదో ఆ ఇంటర్నెట్ కంపెనీయే పెట్టాలి. ఇంకో మాట, కలపాల్సి వచ్చినా ఉన్న రికార్డులోనే కలపాలి. ఒక డొమైన్‌కి రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెడితే రెండూ చెల్లవు.

మెయిల్ లోకంలో ఐపీ అంటే సంతకం. బ్యాంకులో స్పెసిమెన్ ఒకటి ఇచ్చి చెక్కు మీద ఇంకో సంతకం పెడితే డబ్బు మనదే అయినా చెక్కు తిరిగొస్తుంది. మీ సర్వర్ బయల్దేరే ఐపీ, ఆ ఐపీకి పీటీఆర్‌లో ఉన్న పేరు, ఆ పేరు మళ్ళీ చూపించే ఐపీ, సెండ్ కనెక్టర్‌లో హెలోకి (అవతలి సర్వర్‌ని మొదట పలకరించడానికి) ఇచ్చిన పేరు, ఎస్‌పీఎఫ్‌లో రాసినది, ఈ అయిదూ ఒకదానికొకటి కలవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ రూల్స్ గట్టిపడ్డాయి, ఇంతకుముందు చూసీ చూడనట్టు వదిలినవి ఇప్పుడు తిప్పి కొడుతోంది.

ఇక స్కిప్‌యాజ్‌సోర్స్ ఎలా పెట్టాలంటే: 2008 ఆర్2లో ఉన్న అడ్రస్‌కి ఆ గుర్తు తగిలించడం కుదరదు. అడ్రస్‌ని తీసేసి మళ్ళీ కలపాలి, కలిపేటప్పుడే గుర్తు పెట్టాలి. సాయంత్రం షిఫ్ట్ మారాక, సర్వర్ దగ్గర కూర్చుని చేయండి. రిమోట్ డెస్క్‌టాప్ తప్పదనుకుంటే .20తోనే కనెక్ట్ అవ్వండి. .5తో కనెక్ట్ అయి .5ని తీసేస్తే మీ సెషనే తెగిపోతుంది.

అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నెట్‌ష్ ఐపీవీ4 డిలీట్ అడ్రస్‌తో .5ని తీసేయండి. వెంటనే యాడ్ అడ్రస్ కమాండ్ ఇవ్వండి. అందులో కార్డు పేరు కోట్స్ మధ్య, తర్వాత 192.168.10.5, తర్వాత 255.255.255.0, చివర స్కిప్‌యాజ్‌సోర్స్=ట్రూ. మూడు పదాలూ కలిపే రాయాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. గేట్‌వే ఏమీ ఇవ్వొద్దు. తర్వాత ఇదే పని .40కి కూడా చేయండి. ఇప్పుడు .40 ఓడిపోతోందన్నది కేవలం అంకెల అదృష్టం, దాన్ని నమ్ముకుని ఉండకూడదు. .20ని మాత్రం ముట్టుకోకండి.

షో ఐపీఅడ్రసెస్ కమాండ్‌కి లెవెల్=వెర్బోస్ కలిపి ఇస్తే ప్రతి అడ్రస్ కింద స్కిప్ యాజ్ సోర్స్ లైను కనిపిస్తుంది. .5, .40కి ట్రూ, .20కి ఫాల్స్ ఉండాలి.

ఈ గుర్తుతో ఇంకో మేలు ఉంది. గుర్తు ఉన్న అడ్రస్‌ని విండోస్ డీఎన్ఎస్‌లో నమోదు చేయదు. పాత రికార్డు మాత్రం దానంతటదే పోకపోవచ్చు, డీఎన్ఎస్ సర్వర్‌లోకి వెళ్ళి సర్వర్ పేరు కింద ఉన్న .5ని చేత్తో తీసేయండి. తెనాలి వాళ్ళ ఇబ్బంది దాంతో పోవాలి. వెబ్‌మెయిల్ పేరుకి .40 రికార్డు విడిగా ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే లోపలివాళ్ళకి వెబ్‌మెయిల్ తెరుచుకోదు.

కరీంనగర్_లైనక్స్

అన్నా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటిదే కానీ లైనక్స్. ఒక ట్రస్టుకి రెండు డొమైన్లు, స్కూలుదొకటి, ఆసుపత్రిదొకటి. ఒకే పాత సెంటోస్ 6 సర్వర్, రెండు పబ్లిక్ ఐపీలు. స్కూలు మెయిల్ ఒక ఐపీ నుంచి, ఆసుపత్రి మెయిల్ ఇంకో ఐపీ నుంచి పోవాలి. పోస్ట్‌ఫిక్స్‌లో (మెయిల్ సాఫ్ట్‌వేర్) పంపేవాళ్ళని బట్టి ట్రాన్స్‌పోర్ట్ ఎంచుకునే మ్యాప్ పెట్టిన. ఎర్రర్ ఏమీ రాలేదు, రీలోడ్ కూడా మంచిగ అయింది, కానీ అన్నీ మొదటి ఐపీ నుంచే పోతున్నాయి. ఎక్కడ తప్పు?

విశాఖ_మెయిల్

మీ మ్యాప్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు. సెంటోస్ 6తో వచ్చే పోస్ట్‌ఫిక్స్ 2.6.6. పంపినవాళ్ళని బట్టి డిఫాల్ట్ ట్రాన్స్‌పోర్ట్ మార్చే ఆ సెట్టింగ్ వచ్చింది 2.7లో. మీ పాత పోస్ట్‌ఫిక్స్‌కి ఆ పేరు తెలీదు, తెలీని పేరు కనిపిస్తే చెప్పకుండా వదిలేస్తుంది. ఏదైనా సెట్టింగ్ పెట్టే ముందు పోస్ట్‌కాన్ఫ్ డిఫాల్ట్స్ లిస్టులో ఆ పేరు ఉందా అని చూసుకోవడం పాత సర్వర్లలో తప్పనిసరి అలవాటు.

2.6లో మీకు పనికొచ్చేది పోస్ట్‌మల్టీ. ఒకే మెషీన్ మీద రెండు పోస్ట్‌ఫిక్స్‌లు విడివిడిగా నడుపుకోవచ్చు, ఒక్కోదానికి ఒక్కో క్యూ, ఒక్కో హెలో పేరు, ఒక్కో ఐపీ. ఈ సౌకర్యం 2.6లోనే వచ్చింది కాబట్టి మీ దగ్గర ఉంటుంది. స్కూలు యూజర్లకి ఒక సర్వర్ పేరు, ఆసుపత్రి యూజర్లకి ఇంకో పేరు ఇవ్వండి.

బయటికి వెళ్ళే ఐపీని మెయిన్ ఫైల్‌లో రాయకండి. మాస్టర్ ఫైల్‌లో బయటికి పంపే ఎస్‌ఎంటీపీ సర్వీస్ లైను కింద బైండ్ అడ్రస్‌గా (మెయిల్ బయల్దేరే అడ్రస్) ఇవ్వండి. మెయిన్ ఫైల్‌లో పెడితే అది అన్నిటికీ వర్తిస్తుంది, వైరస్ చెకింగ్‌కి అమావిస్ వాడుతుంటే పోస్ట్‌ఫిక్స్ దాన్ని కూడా పబ్లిక్ ఐపీ నుంచే పలకరిస్తుంది. అమావిస్ మామూలుగా 127.0.0.1 నుంచి వచ్చినవాళ్ళనే రానిస్తుంది, మెయిల్ అంతా క్యూలో ఆగిపోతుంది. ఇన్‌స్టెన్స్‌కి (విడిగా నడిచే ఒక్కో పోస్ట్‌ఫిక్స్‌కి) ఇంటర్‌ఫేసెస్‌లో ఒక్క పబ్లిక్ ఐపీయే రాసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఒక్కటే ఉంటే పోస్ట్‌ఫిక్స్ దాన్నే బైండ్ అడ్రస్‌గా తీసుకుంటుంది. అమావిస్‌కి పంపే సర్వీస్ లైను కింద బైండ్ అడ్రస్ 127.0.0.1 అని విడిగా రాస్తే సరిపోతుంది.

సెంటోస్ 6కి అప్‌డేట్లు 2020 నవంబర్‌తోనే ఆగిపోయాయని మీకు తెలిసే ఉంటుంది. ఆసుపత్రి మెయిల్ అంటున్నారు, రోగుల కాగితాలు అందులో తిరుగుతాయి. ఈ ఐపీల పని చేసేకన్నా కొత్త మెషీన్‌కి మారడం ఎక్కువ శ్రమేమీ కాదు. అక్కడైతే మీరు పెట్టిన మ్యాప్ ఉన్నదున్నట్టు పనిచేస్తుంది.

మిల్లు_సిస్టమ్స్

అయిపోయిందండీ. .5, .40 రెండిటికీ గుర్తు పెట్టాను. వెర్బోస్‌లో చూస్తే ట్రూ, ట్రూ, .20కి ఫాల్స్. నాట్ రూల్ కాసేపు ఆపి ఒక జీమెయిల్ అకౌంట్‌కి పంపి చూశాను. ఒరిజినల్ చూపించమంటే ఎస్‌పీఎఫ్ పాస్, ఐపీ 203.0.113.20. లాగ్‌లోనూ లోకల్ ఎండ్‌పాయింట్ .20కి మారింది. డీఎన్ఎస్‌లో .5 తీసేశాక తెనాలి నుంచి ఫోన్ రాలేదు.

రిలే లిస్టు కూడా లాగ్ చూసి చేశాను. మేం ఎప్పుడూ అనుకోని మెషీన్ ఒకటి బయటపడింది. హాస్టల్ మెస్ లెక్కల పీసీ ఎందుకో ఆ .5కి రోజూ తెల్లవారుజామున మెయిల్ పంపుతోంది. చూస్తే బ్యాకప్ రిపోర్టు, ఎప్పుడో మానేసినతని అడ్రస్‌కి. దాన్ని ఆపేశాం.

ఇప్పుడు ఎండీ గారు ఇంకోటి అడుగుతున్నారు. డీలర్లకి రేట్ల సర్క్యులర్ వారానికోసారి వేలల్లో పంపాలట. దాన్ని ఇంకో కొత్త ఐపీ నుంచి పంపిస్తే అసలు ఐపీకి చెడ్డపేరు రాదు కదా అని మా కన్సల్టెంట్ అంటున్నారు. సర్వర్ మీద నాలుగో ఐపీ పెట్టి చేయొచ్చా?

విశాఖ_మెయిల్

పని పూర్తి చేసి లాగ్‌తో సహా చెప్పినందుకు చాలా సంతోషం.

నాలుగో ఐపీ ఈ సర్వర్ మీద పెట్టకండి. విడి ఐపీ నుంచి పంపాలన్న ఆలోచన సరైనదే, పెట్టే చోటు మాత్రం ఇది కాదు. ఎక్స్‌చేంజ్ 2010కి ఫలానా మెయిల్ ఫలానా ఐపీ నుంచి అని చెప్పే దారి లేదని పైనే చూశాం. డీకిమ్ సంతకం (మెయిల్ మన డొమైన్‌దేనని చూపే డిజిటల్ ముద్ర) కూడా అది సొంతంగా పెట్టలేదు. రోజుకి 5000 మెయిల్స్ పైన జీమెయిల్‌కి పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ ఉండాలి, అవి తప్పితే ఏం చేయాలో చెప్పే డీమార్క్ రికార్డూ ఉండాలి. మీరు ఆ సంఖ్య దాటకపోయినా డీకిమ్ ఉంటే మంచిదే. డీలర్లలో కొందరు స్పామ్ బటన్ నొక్కినా చాలు, ఆ దెబ్బ ఇన్వాయిస్‌ల మీద పడుతుంది. ఐపీ వేరైనా డొమైన్ ఒకటే కదా, చెడ్డపేరు డొమైన్‌ని కూడా అంటుకుంటుంది. సర్క్యులర్‌కి ఒక సబ్ డొమైన్ తీసుకోండి, వద్దన్నవాళ్ళ పేరు లిస్టులోంచి తీసేసే లింకు పెట్టండి. కొత్త ఐపీ నుంచి మొదటివారమే వేలు పంపకుండా, తరచూ జవాబిచ్చే డీలర్లతో కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.

నేనైతే ఇలా చేస్తాను. చిన్న లైనక్స్ మెషీన్ ఒకటి, దాని మీద కొత్త పోస్ట్‌ఫిక్స్, డీకిమ్. ఎక్స్‌చేంజ్ సెండ్ కనెక్టర్‌లో దాన్ని స్మార్ట్ హోస్ట్‌గా ఇస్తే మీ మామూలు మెయిల్ దాని ద్వారా .20 పబ్లిక్ ఐపీ నుంచే పోతుంది. సర్క్యులర్‌కి అక్కడే రెండో ఐపీ పెట్టుకోవచ్చు, అక్కడ ఏ మెయిల్ ఏ ఐపీ నుంచో మీ చేతిలో ఉంటుంది. వేబ్రిడ్జి కోసం ఉన్న .5ని కూడా తర్వాత దాని మీదికి మార్చేయొచ్చు. అప్పుడు మీ పాత సర్వర్ ఇంటర్నెట్‌తో నేరుగా మాట్లాడే పని తగ్గుతుంది. 2008 ఆర్2కి 2020 జనవరిలో, ఎక్స్‌చేంజ్ 2010కి అదే ఏడాది అక్టోబర్‌లో సపోర్ట్ ఆగిపోయింది. టీఎల్ఎస్ 1.2 (మెయిల్‌ని దారిలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) కూడా 2008 ఆర్2లో ఉన్నా మామూలుగా ఆన్‌లో ఉండదు. పత్తి సీజన్ అయ్యాక అన్న బడ్జెట్ మాట ఎండీ గారికి ఈ సర్క్యులర్ సందర్భంలోనే గుర్తుచేయండి, ఇప్పుడైతే వింటారు.

చివరిగా ముఖ్యమైనది. ఇకమీదట ఆ సర్వర్ నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్ విండోలోకి వెళ్ళి ఐపీలు మార్చి ఓకే నొక్కొద్దు, మీ తర్వాత వచ్చేవాళ్ళనీ నొక్కనివ్వొద్దు. ఆ విండోకి ఈ గుర్తు సంగతి తెలీదు. అడ్రస్‌లు తిరిగి రాసేటప్పుడు స్కిప్‌యాజ్‌సోర్స్ పోయే ప్రమాదం ఉంది, ఏ హెచ్చరికా రాదు. ఏ మార్పైనా నెట్‌ష్‌తోనే చేసి, వెర్బోస్‌లో మూడు లైన్లూ చూసుకోండి. ఆ రెండు కమాండ్లూ ఒక బ్యాచ్ ఫైల్‌గా రాసి సర్వర్ డెస్క్‌టాప్ మీదే పెట్టండి, ఏ ఐపీ ఎందుకుందో కూడా అందులోనే ఒక్కో లైను రాయండి: .20 బయటికి, .40 వెబ్‌మెయిల్‌కి, .5 వేబ్రిడ్జికీ స్కానర్లకీ. ఫైర్‌వాల్‌లో ఆ నాట్ రూల్‌ని కూడా ఉంచేయండి, దాని కామెంట్‌లో కారణం రాసి.